పాదం చివర ఆగడం

విజయవాడ భవానీపురంలో ఇనుము దుకాణాలకు లెక్కలు చూసిపెట్టే మిత్రుడొకరున్నారు. నెలనెలా 20వ తేదీలోగా జీఎస్‌టీ రిటర్నులు వేయాలి కాబట్టి 18, 19 తేదీల్లో ఆయనకు ఊపిరి సలపదు. అలాంటి ఒక సాయంత్రం ఆయన బల్ల పక్కన గంటసేపు కూర్చున్నాను. కొనుగోలు బిల్లులు ఒక్కొక్కటే తీసి కంప్యూటర్‌తో సరిచూస్తున్నారు. ఫోను మోగింది. ఆయన వెంటనే ఎత్తలేదు. చేతిలోని బిల్లు చివరి అంకె దాకా చూసి, మూలన పెన్సిలుతో టిక్కు పెట్టారు. పక్కనున్న చీటీ మీద ‘47, లారీ కిరాయి చూడాలి’ అని రాసుకుని, అప్పుడు ఫోను తీశారు. మాట్లాడటం అయ్యాక చీటీ వంక చూసి నేరుగా 47వ బిల్లు అందుకున్నారు.

ఆ ఐదారు సెకన్ల ఆలస్యం నాకు అవధాన సభను గుర్తు చేసింది. కృష్ణా తీరానికి ఆ విద్య కొత్తది కాదు. దివాకర్ల తిరుపతిశాస్త్రితో (1872–1920) జంటగా ఊరూరా అవధానాలు చేసిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) బందరులో తెలుగు పండితులుగా ఉండి, విశ్వనాథ సత్యనారాయణ వంటివారికి గురువయ్యారు. అష్టావధాని ఎనిమిది పనులు ఒకేసారి చేస్తారని చాలామంది నమ్మకం. ముందు వరుసలో కూర్చుని గమనిస్తే అలా కాదని తెలుస్తుంది. సమస్య ఇచ్చిన పృచ్ఛకుడికి ఒక పాదం చెప్పి, దాన్ని అక్కడితో వదిలేస్తారు. దత్తపదికి ఒక పాదం, వర్ణనకు ఒక పాదం. అలా నాలుగు ఆవృత్తుల్లో పద్యాలు పూర్తయ్యాక, ధారణలో అన్నిటినీ వరుసగా అప్పజెప్తారు. పద్యం వరకు చూస్తే, ఏ క్షణంలోనైనా ఆయన చేతిలో ఉన్నది ఒకే పాదం. వదలడం పాదం చివర, అందుకోవడం పాదం మొదట.

మనసు పనిచేసే తీరు గురించి మనస్తత్వ శాస్త్రం చెప్పేదీ దీనికి దగ్గరగానే ఉంది. ఒక రకం పని నుంచి మరో రకానికి మారుతూ ఉంటే రెండూ నెమ్మదిస్తాయని ఆర్థర్ జెర్సిల్డ్ 1927లోనే కొలిచి చూపారు. మారడానికి సిద్ధపడేంత వ్యవధి ఇచ్చినా ఆ నష్టం పూర్తిగా పోదని 1995లో రోజర్స్, మాన్సెల్ ప్రయోగాలు తేల్చాయి. పని మధ్యలో విడిచి మరొకదానికి వెళ్తే మనసులో కొంత భాగం పాతదాని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ 2009లో వివరించారు. మరో పరిశోధకురాలితో కలిసి 2018లో ప్రచురించిన పరిశోధనలో ఆమె దానికి ఉపాయమూ చూపారు. పనిని ఎక్కడ ఆపామో, తిరిగి వచ్చాక ముందు ఏం చేయాలో రెండు ముక్కలు రాసుకుంటే ఆ పట్టు సడలుతుంది. నా మిత్రుడి చీటీ అదే.

ఈ మాత్రానికే కాగితం ఎందుకని అడగవచ్చు. ఒక క్షణంలో మనసు పట్టి ఉంచగల విషయాలు చాలా తక్కువ. జార్జ్ మిల్లర్ 1956లో ఆ సంఖ్య ఏడుకు అటూ ఇటూ అన్నారు. నెల్సన్ కోవన్ 2001లో దాన్ని నాలుగు దాకా తగ్గించారు. భవానీపురం ఒడ్డున నిలబడి చూస్తే ఇది నాకు సులువుగా అర్థమవుతుంది. ఎదురుగా కనిపించే ప్రకాశం బ్యారేజీ జలాశయంలో నిలిచేది సుమారు 3 టీఎంసీలే. దాని కింద సాగయ్యే డెల్టా దాదాపు 13 లక్షల ఎకరాలు. ఎగువన పులిచింతలలో 45 టీఎంసీలకు పైగా నిల్వ చేసుకుని, అవసరాన్ని బట్టి వదులుతారు కాబట్టి ఆ చిన్న మడుగు అంత భారం మోస్తోంది. అవధానికి ఛందస్సు, యతి, ప్రాస ఏళ్ల అభ్యాసంతో లోపల నిండిన పులిచింతల. గుమాస్తాకు చీటీ, టిక్కు, డే బుక్కు. దేనికీ వేరే చోటివ్వకుండా అన్నీ తలలోనే మోయాలనుకోవడం మడుగుతో డెల్టా తడపాలనుకోవడమే.

అలసట సంగతి ఇంకొంచెం చిక్కు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రాడార్ తెర చూసేవారి చూపు ఎందుకు తప్పుతోందో తెలుసుకోవడానికి నార్మన్ మాక్‌వర్త్ గడియారం లాంటి పరికరంతో పరీక్షలు చేశారు. 1948లో ప్రచురించిన ఆ ఫలితాల్లో మొదటి అరగంట దాటగానే పొరపాట్లు పెరిగాయి. ఏకబిగిన అంకెలు చూసేవారికి ఇది వెంటనే పనికొచ్చే విషయం. సంకల్పబలం ఇంధనంలా ఖర్చైపోతుందన్న 1998 నాటి సిద్ధాంతాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను. 2016లో ఇరవైకి పైగా ప్రయోగశాలలు కలిసి పరీక్షిస్తే దానికి బలం దొరకలేదు. రోజంతా కష్టమైన ఆలోచన చేసినవారి మెదడు ముందు భాగంలో గ్లుటమేట్ పేరుకుంటోందని 2022లో పారిస్ పరిశోధకులు గమనించారు. అలసటకు కారణం అదేనని నిర్ధారించడానికి ఇంకా పని జరగాలి.

నన్ను ఎక్కువగా కలచివేసింది గ్లోరియా మార్క్ బృందం 2008లో చెప్పిన విషయం. మధ్యమధ్య ఆటంకాలు ఎదురైనవారు పని ఆలస్యం చేయలేదు, ఇంకా త్వరగానే ముగించారు. ఆ వేగానికి చెల్లించిన మూల్యం ఒత్తిడి, విసుగు. ఆఫీసు రిజిస్టరులో పని అయినట్టే కనిపిస్తుంది. ఇంటికి వెళ్లే మనిషిలో మాత్రం ఏదో అరిగిపోయి ఉంటుంది. నేను పనిచేసిన ఒక చోట వాట్సాప్ గ్రూపులో వచ్చిన ప్రతి మాటకూ రెండు నిమిషాల్లో జవాబు ఇవ్వాల్సి వచ్చేది. ఏడాది తిరిగేసరికి ఒక పేజీ నిలకడగా చదవలేని స్థితికి వచ్చాను. దాన్ని నా బద్ధకం అనుకుని చాలా కాలం నన్ను నేనే తిట్టుకున్నాను.

అవధాన సభలో మధ్యమధ్య మాటల్తో అడ్డొచ్చే అప్రస్తుత ప్రసంగి ఒక్కరే ఉంటారు. మిగతా పృచ్ఛకులు తమ వంతు దాకా ఆగుతారు, సంచాలకులు ఆ వరుస తప్పనివ్వరు. అంతటి ధారణాశక్తి ఉన్నవారికే ఇంత రక్షణ కల్పించిన సంప్రదాయం మనది. మామూలు ఉద్యోగి చుట్టూ మాత్రం అందరూ అప్రస్తుత ప్రసంగులే అవుతున్నారు. చీటీ రాసుకోవడం ఉద్యోగి చేతిలో ఉంది. వంతులు పాటింపజేయడం పై అధికారి బాధ్యత. పొద్దున ఒక గంట ఎవరూ ఎవరినీ పిలవకుండా చూడటానికి పైసా ఖర్చు లేదు.

మిగిలిపోయిన పనులు రాత్రంతా తలలో తిరుగుతుంటాయి కదా, వాటిని ఎప్పుడు ఎలా చేయాలో ఫలానా అని నిర్ణయించుకుంటే చాలు, చేయకముందే వాటి గోల తగ్గుతుందని 2011లో మసికాంపో, బామైస్టర్ ప్రయోగాలు చూపాయి. ఆ సాయంత్రం ఎనిమిదింటికి మిత్రుడు ఇంకా ముప్పై బిల్లులు ఉండగానే లేచారు. చీటీ మీద ‘పొద్దున 9కి, 88 నుంచి’ అని రాసి కీబోర్డు కింద పెట్టారు. ఇద్దరం పున్నమి ఘాట్ దాకా నడిచాం. నది నడుమ భవానీ ద్వీపం చీకట్లో కలిసిపోతోంది. ఆయన కూతురి చదువు గురించి, ఈసారి తొందరగా వచ్చిన మామిడికాయల గురించి చెప్పారు. దారి పొడవునా బిల్లుల మాటే రాలేదు.