నడినెత్తిన ఎండ, తిరగని ఫ్యాను

రోహిణి కార్తె, మధ్యాహ్నం పన్నెండున్నర. గన్నవరంలో మా డాబా మీది సోలార్ ప్యానెళ్ల మీద కాకి కూడా వాలడం లేదు, అంత కాలిపోతున్నాయి. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. సెలవులకొచ్చిన మనవరాలు తాటిముంజె తింటున్నదల్లా ఆగి ముందు ఫ్యాను వైపు, తర్వాత నా వైపు చూసింది.

"తాతయ్యా, ఇంటి మీద మూడు కిలోవాట్లు పెట్టించావుగా! ఇంత ఎండ కాస్తుంటే ఫ్యాను ఎందుకు ఆగింది?"

ప్యానెళ్లు పెట్టించుకున్న ప్రతివాళ్లూ మొదటి వేసవిలో అడిగే ప్రశ్నే ఇది. సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ వస్తుంది. ఎండ బాగుంటే రోజుకు 12 యూనిట్లు ఇస్తుంది. అన్నీ బాగానే ఉన్నాయి గానీ వీధిలో కరెంటు పోతే తనూ గుడ్లు తేలేస్తుంది.

"అది పాడైపోవడం కాదే బుజ్జమ్మా, బుద్ధిగా ఉండటం. లైన్‌మ్యాన్ లైను ఆపేసుకుని స్తంభమెక్కి ఉంటాడు. మన ఇన్వర్టరేమో డాబా మీది కరెంటును వీధిలోకి తోసిందనుకో, ఆయన గతేం కావాలి? అందుకే బయట కరెంటు పోగానే తప్పుకోమని దానికి రూలు."

"అయితే వీధి తీగ విడదీసేసి, మన కరెంటు మనమే వాడుకోవచ్చుగా?"

ఆరో తరగతి పిల్ల అడిగిన ఈ మాటనే ఇంజనీర్లు మైక్రోగ్రిడ్ అంటారు. పెద్ద గ్రిడ్ ఉన్నంతసేపు దానితో కలిసి నడవడం, అది పోతే తెంపుకుని చిన్న దీవిలా తన బతుకు తను బతకడం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ నీళ్లలో ఉన్నప్పుడు విజయవాడలో ఎన్నో వీధులు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఫోను ఛార్జింగుకే దిక్కులేదు. బ్యాటరీ లేని ప్యానెళ్లు అలాంటప్పుడు కూడా మా ఇంటి వాటిలాగే చేతులు కట్టుకు కూర్చుంటాయి.

తీగ విడదీసినంత మాత్రాన సరిపోదు. మా ఇన్వర్టరుది పక్కవాద్యం పాత్ర. గ్రిడ్ వినిపించే శ్రుతిని పట్టుకుని అందులో కలుస్తుందే తప్ప సొంతంగా శ్రుతి పెట్టలేదు. ఆ శ్రుతి సెకనుకు 50 ఆవృతులు, అంటే 50 హెర్ట్జ్. మన దేశంలో అది 49.90 నుంచి 50.05 మధ్య ఉండాలని కట్టడి. దీవిగా బతకాలంటే ఎవరో ఒకరు తంబురా పట్టుకోవాలి. బ్యాటరీ వెనక ఉన్న మరో రకం ఇన్వర్టర్ ఆ పని చేస్తుంది.

శ్రుతి పెట్టేవాళ్లు ఇద్దరు ముగ్గురుంటే? పని పంచేదెవరు? దీనికో చక్కటి ఉపాయముంది. తిరునాళ్లలో తేరు లాగేటప్పుడు చూడండి, తాడు పట్టుకున్న ఎవరికీ ఎవరూ ఫోను చెయ్యరు. తేరు కాస్త నెమ్మదించిందని చేతికి తెలుస్తుంది, అందరూ ఓ పట్టు ఎక్కువ పడతారు. ఈ ఇన్వర్టర్లకూ అదే నేర్పారు. లోడు పెరిగితే ఫ్రీక్వెన్సీని ఇసుమంత దించాలి. ఆ దిగడాన్ని చూసి మిగిలినవి తమ బలం కొద్దీ భుజం కలుపుతాయి. ఇంకో తమాషా ఉంది. బ్యాటరీ నిండిపోతే దాని ఇన్వర్టర్ ఫ్రీక్వెన్సీని కావాలనే 50కి పైకి జరుపుతుంది. డాబా మీది ఇన్వర్టర్లు అది గమనించి "ఓహో, ఇక చాలంటున్నారు" అని తగ్గుతాయి. మధ్యలో మాటల తీగ లేదు, ఇంటర్నెట్ లేదు.

ఇంతవరకూ అదుపు. అసలు తిప్పలు లెక్కలోనే ఉన్నాయి. ఆ లెక్క తెలియాలంటే ఇక్కణ్ణుంచి నందివాడ వైపు వెళ్లి చెరువు గట్టున నిలబడాలి.

రొయ్యల చెరువు ఒకటి తీసుకుందాం. పది ఏరేటర్లు, ఒక్కోటి 2 హెచ్‌పి. ఒక్కోటి ఒకటిన్నర కిలోవాట్ల చొప్పున అన్నీ కలిసి 15. రాత్రి 8 గంటలు తిప్పితే 120 యూనిట్లు. మా ఇంటి ప్యానెళ్లు పది రోజులు చెమటోడిస్తే వచ్చేంత! అదంతా బ్యాటరీలో దాచాలంటే చెరువు అమ్ముకోవాలి. డీజిల్ జనరేటర్ సంగతి చూస్తే లీటరుకు మూడు యూనిట్లు, మహా అయితే ఇంకాస్త. అంటే యూనిట్ 30 రూపాయల పైమాటే. రాయితీ కరెంటు రూపాయిన్నరకే వస్తుంది గానీ, తెల్లవారుజామున నాలుగింటికి అది పోతే? అప్పటికి నీళ్లలో ఆక్సిజన్ అడుగంటి ఉంటుంది. రొయ్య తల పైకెత్తి తేలిందంటే రైతు తల దిగిపోయినట్టే.

కాబట్టి బ్యాటరీకి రాత్రంతా మోసే పని పెట్టకూడదు. జనరేటర్ అందుకునేదాకా, లేదా కరెంటు వచ్చేదాకా ఆదుకుంటే చాలు. లెక్కంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: సాయంత్రం ఆరింటికి బ్యాటరీలో ఎంత మిగిల్చి ఉంచాలి?

రోజూ ఒకేలా ఎండ కాస్తే ఇది చిన్నపిల్లల కూడిక. చిక్కల్లా మబ్బుతో వస్తుంది. ఎండ ఉన్న రోజున చెరువులోని పచ్చనాచు పగలంతా ఆక్సిజన్ తయారుచేసి నీళ్లలో నింపుతుంది. ముసురు పట్టిన రోజున ఆ పని కుంటుపడుతుంది, పొద్దు గూకకముందే ఏరేటర్లు తిప్పాల్సి వస్తుంది. ప్యానెళ్లు చేతులెత్తేసేదీ ఆ రోజే, గాలివానకు తీగలు తెగేదీ ఆ రోజే. ఒకే మబ్బు అటు చెరువును, ఇటు ప్యానెల్‌ను, మరోపక్క లైనును కూడా కొడుతుంది! సంవత్సరానికి సగటున ఇన్ని యూనిట్లని కాగితం మీద చూపించే అమ్మకందారు ఈ ముక్క చెప్పడు. ఆ ముసురు రోజును ముందే పసిగట్టి, కరెంటున్నప్పుడే బ్యాటరీ నింపి, తాకకుండా కాపాడేదే నా దృష్టిలో మంచి కంట్రోలర్.

"ఇవన్నీ ఒక్క పెట్టే ఆలోచిస్తుందా?" అంది పిల్ల.

ఒకటే అయినా అంతస్తులున్నాయి. మన కాలువల్లో చూడరాదూ. 1957 నాటి ప్రకాశం బ్యారేజీ దగ్గర ఈ వారం ఏ కాలువకు ఎంతని నిర్ణయిస్తారు. లాకుల దగ్గర లస్కరు పూటపూటకూ షట్టర్లు సర్దుతాడు. పొలంలో రైతు మాత్రం నీళ్లు పొర్లే క్షణంలోనే మడవ కడతాడు, ఎవర్నీ అడగడు. మైక్రోగ్రిడ్‌లో రేపటి వాతావరణం చూసి ప్రణాళిక వేసేది గంటల పని. జారిన ఫ్రీక్వెన్సీని తిరిగి 50కి తెచ్చేది సెకన్ల పని, మహా అయితే నిమిషాలు. లోడు మారగానే భుజం కలిపేది రెప్పపాటు పని. పై అంతస్తు నిద్రపోయినా కింది రైతు మేలుకునే ఉండాలి, లేకపోతే చేను మునుగుతుంది.

ఒంటిగంట దాటాక కరెంటొచ్చింది. ఫ్యాను తిరిగింది. పిల్ల మాత్రం మెట్ల కిందున్న ఇన్వర్టర్ దగ్గరికి పరుగెత్తింది. "తాతయ్యా, ఇది ఇంకా కలవలేదు, సెకన్లు లెక్కపెడుతోంది!"

కలవడం విడిపోయినంత తేలిక కాదు. కదులుతున్న బస్సెక్కాలంటే ముందు దానితో సమానంగా పరుగెత్తాలి, నిలబడి పట్టుకుంటే బోర్లా పడతాం. 2012 జులైలో ఉత్తరాది గ్రిడ్ కూలినప్పుడు మనకు దీపం ఆరకపోవడానికి కారణం మన దక్షిణ గ్రిడ్ అప్పటికి వాళ్లతో ఒకే శ్రుతిలో లేకపోవడం. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ లైను మీద రెండింటినీ కలిపినప్పుడు కూడా ఫ్రీక్వెన్సీ, వోల్టేజీ, అలల వరస అన్నీ సరిపోయాయో లేదో చూసుకున్నాకే స్విచ్ వేశారు. మా మెట్ల కింది పెట్టె చేస్తున్నదీ ఆ జాతి పనే, గ్రిడ్ నిలకడగా ఉందో లేదో చూసుకుంటోంది.

"పద్దెనిమిది, పదిహేడు, పదహారు..." పిల్ల గొంతు వినిపిస్తోంది. ఇంకో ముంజె ఒలిచి పళ్లెంలో పెట్టాను.