కోయంబత్తూరు నుంచి ధనుష్కోటి దాకా: కారవాన్ లెక్కలు

కోయంబత్తూరులో బయల్దేరి పొల్లాచ్చి, పళని, దిండిగల్ మీదుగా మదురై. అక్కడి నుంచి కోవిల్‌పట్టి, ఎట్టయపురం, తూత్తుకుడి. తర్వాత తీరం పట్టుకుని రామనాథపురం, రామేశ్వరం, ధనుష్కోటి కొస. తిరుగుదారిలో మళ్లీ మదురై, దిండిగల్. మొత్తం సుమారు 1,045 కిలోమీటర్లు. కారవాన్ లీటరుకు 9 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే 116 లీటర్ల డీజిలు కావాలి. లీటరు 95 రూపాయల లెక్కన 11,000 చిల్లర. నలుగురు కలిసి వెళితే తలకు 2,750.

ప్రయాణం ఖర్చనగానే అందరూ ముందు ఈ లెక్కే వేస్తారు. కారవాన్ విషయంలో ఇది అన్నిటికంటే చిన్న లెక్క. బండి సుఖపెడుతుందా ఏడిపిస్తుందా అన్నది తేల్చేవి వేరే ఉన్నాయి: రోజుకు 100 లీటర్ల నీళ్లు, బ్యాటరీలో ఉండే 2,400 వాట్-అవర్లు, రాత్రికి బండి నిలుపుకునే జాగా. మూడోది దొరికితే మొదటి రెండూ వాటంతటవే దొరుకుతాయి. ఈ దారిలో కష్టమంతా ఆ మూడోదానితోనే.

సముద్రమే కావాలంటే మన తీరం మనకుంది, ఇంత దూరం ఎందుకని అడగవచ్చు. ఈ దారి పొడుగునా తెలుగు వినిపిస్తుంది, అదీ సంగతి. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు 42 లక్షల పైచిలుకు, రాష్ట్ర జనాభాలో 5.87 శాతం. విజయనగరం కాలంలోనూ ఆ తర్వాతా దక్షిణానికి నడిచి వచ్చినవాళ్ల సంతతి కోయంబత్తూరు చుట్టూ, మదురై దిగువన నల్లరేగడి పల్లెల్లో గట్టిగా నాటుకుపోయింది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. మనం మాట కలిపితే వాళ్ల తెలుగు మనకు కొంచెం పాతగా తోస్తుంది, మన తెలుగు వాళ్లకు సినిమాలా తోస్తుంది.

బస్సు నడిచిన దారే

మొదటి 105 కిలోమీటర్లు, అంటే పళని వరకు, పోయేది 83వ నంబరు జాతీయ రహదారి మీద. ఇందులో పొల్లాచ్చి–పళని ముక్కకు ఒక చరిత్ర ఉంది. కోయంబత్తూరు దగ్గరి కలంగల్‌లో 1893లో తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు, 1920లో ఒక్క బస్సు కొని, తానే చక్రం పట్టి, ఈ రెండు ఊళ్ల మధ్యే నడిపారు. ఆ ఒక్క బస్సు తర్వాత యు.ఎం.ఎస్. అనే పెద్ద రవాణా సంస్థ అయింది. ఊరు వదిలే ముందు కోయంబత్తూరులో జీడీ కార్ మ్యూజియం చూసి కదలండి. అవినాశి రోడ్డు మీద 2025 అక్టోబరులో తెరిచిన 10.1 కిలోమీటర్ల పైవంతెనకు కూడా ఆయన పేరే పెట్టారు.

బండి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మన దేశంలో అద్దెకు దొరికే కారవాన్లలో చాలావరకు వ్యాన్ లేదా మినీబస్సు చాసిస్ మీద కట్టినవే. పొడవు 6, 7 మీటర్లు. మొత్తం బరువు 7,500 కిలోలు దాటకపోతే మామూలు కారు లైసెన్సు చాలు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం రవాణా వాహనాలకూ ఇదే హద్దు అని ఖాయం చేసింది. అయితే లైసెన్సు వేరు, చేయి తిరగడం వేరు. ఎత్తు 3 మీటర్ల దగ్గర ఉండే బండిని పళని సందుల్లో తిప్పడం మొదటిరోజే చేయాల్సిన పని కాదు. ఊరి బయటే నిలిపి ఆటోలో గుడికి వెళ్లిరండి. పంచామృతం డబ్బా తెచ్చుకుంటే బండిలో ఫ్రిజ్ లేకపోయినా నిలవుంటుంది.

దారి వేసిన రాణి

కోయంబత్తూరు నుంచి మదురై 220 కిలోమీటర్లు. విశ్వనాథ నాయకుడు 1529లో మొదలుపెట్టిన మదురై నాయక రాజ్యం 1736 దాకా నిలిచింది. అంతా రెండు వందల ఏళ్లు. రాజ్యాన్ని 72 పాళయాలుగా, అంటే పాలెగాళ్ల సీమలుగా, పంచారని చెబుతారు. తిరుమల నాయకుడు 1636లో కట్టించిన మహలులో ఇప్పుడు మిగిలింది నాలుగోవంతే. ఆ నాలుగోవంతు చూసినా మెడ నొప్పి పుడుతుంది.

మన కథకు కావలసిన మనిషి మాత్రం రాణి మంగమ్మ. చొక్కనాథ నాయకుడి భార్య. కొడుకు పోయాక 1689 నుంచి పసి మనవడి తరఫున పదిహేనేళ్లకు పైగా రాజ్యం ఏలింది. ఆమె రోడ్లు వేయించింది, నీడకు చెట్లు నాటించింది, సత్రాలు కట్టించింది. దక్షిణాన కన్యాకుమారి వైపు సాగిన దారిని ఇప్పటికీ మంగమ్మ సాలై అంటారు. మదురై రైల్వే జంక్షన్ ఎదుట మంగమ్మ సత్రం ఆమె పేరుతోనే ఉంది.

ఎద్దుబండి గంటకు 3, 4 కిలోమీటర్లు లాగుతుంది. ఎండ వేళ ఆపి, మేపి, నీళ్లు పెట్టి, రోజుకు 20 నుంచి 25 కిలోమీటర్లు. మదురై నుంచి రామేశ్వరం 170 కిలోమీటర్లు, అంటే ఏడెనిమిది రోజులు. ఇన్ని రాత్రులు తల ఎక్కడ వాల్చాలి, ఎద్దులకు నీళ్లెక్కడ? సత్రం, బావి, చెట్టు మూడూ ఒకచోట ఉంటేనే ఆ దారి దారి. రామనాథపురం ఏలిన సేతుపతులు కూడా రామేశ్వరం యాత్రికుల కోసం ఇదే పని చేశారు. ఇంగ్లండులో 1885లో గోర్డన్ స్టేబుల్స్ అనే నావికాదళ వైద్యుడు విహారం కోసమే రెండు గుర్రాల ఇల్లుబండి కట్టించుకున్నాడు, విహార కారవాన్ల చరిత్ర అక్కడే మొదలంటారు. ఇల్లు బండిమీదే తీసుకుపోవాలన్న అవసరం మంగమ్మ దారిలో లేకపోయింది, ఎందుకంటే ఇల్లు దారిలోనే ఉంది.

కరిసల్ నేల

మదురై నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద కోవిల్‌పట్టి 100 కిలోమీటర్లు. ఇది నల్లరేగడి సీమ, తమిళంలో కరిసల్. పత్తి, మిరప, సజ్జ. కోవిల్‌పట్టి పల్లీపట్టీకి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరికి దగ్గరలోనే ఉంది ఇడైసెవల్, కి. రాజనారాయణన్ పుట్టిన పల్లె. తెలుగు ఇంట పుట్టి తమిళంలో రాసిన ఆయన, దక్షిణానికి వలస వచ్చిన తెలుగువాళ్ల కథను 1976లో ‘గోపల్ల గ్రామం’గా రాశారు. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మొదటిది చదివి ఈ దారిన వెళితే పొలాలు మరోలా కనిపిస్తాయి.

కోవిల్‌పట్టి నుంచి కయత్తారు పోయిరావడానికి 50 కిలోమీటర్లు అదనం. 1799 అక్టోబరు 16న వీరపాండ్య కట్టబొమ్మన్‌ను ఈస్టిండియా కంపెనీ వాళ్లు ఉరితీసింది అక్కడే. కోవిల్‌పట్టికి తూర్పున 15 కిలోమీటర్లలో ఎట్టయపురం. 1882లో సుబ్రహ్మణ్య భారతి పుట్టిన ఊరు, 1835లో ముత్తుస్వామి దీక్షితులు కన్నుమూసిన ఊరు. మరికొంత దూరం పోతే కట్టబొమ్మన్ ఏలిన పాంచాలంకురిచ్చి. పాత కోటను కంపెనీ నేలమట్టం చేస్తే, 1974లో రాష్ట్ర ప్రభుత్వం స్మారకంగా కొత్త కోట కట్టింది. ఎట్టయపురం, పాంచాలంకురిచ్చి రెండూ తెలుగు పాళయాలే. ఒకటి కంపెనీతో కలిసింది, ఒకటి కలబడింది. ఇప్పుడు కారవాన్‌లో ఒక పూటలో రెండూ చూసిరావచ్చు.

నీళ్లు, కరెంటు

ఇక బండి లోపలికి వద్దాం. నలుగురికి బకెట్ స్నానం మనిషికి 15 లీటర్ల చొప్పున 60. వంటకు 12, గిన్నెలకు 15, మరుగుదొడ్డికి 12. దాదాపు 100 లీటర్లు, చాలా బండ్ల ట్యాంకు అంతే. తాగే నీళ్లకు 20 లీటర్ల క్యాను వేరే. ఎనిమిది రాత్రుల ప్రయాణానికి ట్యాంకు కనీసం ఎనిమిదిసార్లు నింపాలి. నింపడం ఎలాగో అయిపోతుంది. వాడిన నీళ్లు పోయడం, మరుగుదొడ్డి డబ్బా ఖాళీ చేయడం ఎవరూ ముందు ఆలోచించరు. 20 లీటర్ల డబ్బా నలుగురికి రెండు రోజులైనా గట్టిగా రాదు. రోడ్డు పక్క కాలవలోనో ఇసుకలోనో గుమ్మరించేవాళ్లు కారవాన్ ఎక్కకుండా ఇంట్లో ఉంటే మేలు.

తీరానికి దగ్గరయ్యేకొద్దీ నీళ్లకు విలువ పెరుగుతుంది. రామనాథపురం జిల్లాలో చాలాచోట్ల భూగర్భజలం ఉప్పన, తాగునీరు కావేరి నుంచి పైపుల్లో రావాలి. కాబట్టి తూత్తుకుడిలో మంచినీళ్లు నిండుగా పట్టుకుని కదలండి. రామేశ్వరం ఆలయంలో 22 తీర్థాల స్నానం చేసిన రోజున ట్యాంకులో 60 లీటర్లు మిగులుతాయి, అది పుణ్యానికి అదనం.

కరెంటు లెక్క ఇంకా కఠినం. 12 వోల్టుల 200 ఆంపియర్-అవర్ బ్యాటరీలో ఉండేది 2,400 వాట్-అవర్లు. లిథియం బ్యాటరీ అయితే అందులో 2,000 దాకా వాడుకోవచ్చు, పాత సీసపు బ్యాటరీ అయితే 1,200 మించి తీయకూడదు. టన్ను ఏసీ నడిచేటప్పుడు గంటకు 1,000 నుంచి 1,200 లాగుతుంది. అంటే మంచి బ్యాటరీ మీద కూడా రెండు గంటలు నిలవదు. అదే 12 వోల్టుల ఫ్యాన్లు రెండు రాత్రంతా తిరిగితే 400, చిన్న ఫ్రిజ్ రోజంతా 500, దీపాలూ ఫోన్లూ 150. మొత్తం 1,050. పైకప్పు మీద 400 వాట్ల సౌరపలక ఉంటే నష్టాలు పోను రోజుకు 1,300 దాకా వస్తుంది. ఏసీ వదులుకుంటే సూర్యుడే నడిపిస్తాడు, ఏసీ కావాలంటే రాత్రికి ప్లగ్గు కావాలి. మధ్యలో మరో చిక్కు: బండి చల్లగా ఉండాలని చెట్టుకింద పెడితే పలకకు ఎండ తగలదు.

కొండమీద ఊటీలో ఈ గొడవ లేదు. ఈ తీరంలో వేసవి రాత్రి కూడా 26, 27 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, పైగా ఉక్క. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు. మిగిలింది జనవరి, ఫిబ్రవరి, మార్చి మొదటి సగం. ఫ్యాన్‌తో సరిపెట్టుకోగలిగే కాలం అదొక్కటే.

తీరం

తూత్తుకుడి నుంచి రామేశ్వరం 175 కిలోమీటర్లు. పేరు ఈస్ట్ కోస్ట్ రోడ్డు, కానీ కిటికీలో సముద్రం వెంట వస్తుందనుకుంటే నిరాశే. దారి చాలావరకు తీరానికి లోపలే పోతుంది. కనిపించేవి ఉప్పుమళ్లు, తాటితోపులు, సర్కారు తుమ్మ. దేశంలో ఉప్పు పండించడంలో గుజరాత్ తర్వాత స్థానం ఈ రాష్ట్రానిదే, అందులో పెద్ద వాటా తూత్తుకుడిది. సముద్రం చూడాలంటే వేంబారు, ఏర్వాడి, కీళక్కరై దగ్గర పక్కకు తిరగాలి. తీరానికి ఎదురుగా మన్నారు సింధుశాఖలో 21 దీవులు, 1986 నుంచి జాతీయ సముద్ర ఉద్యానం.

పాంబన్ దగ్గర మాత్రం పైసా వసూలు. 1988లో తెరిచిన రోడ్డు వంతెన పొడవు 2.3 కిలోమీటర్ల పైన. పక్కన 1914 నాటి రైలు వంతెన స్థానంలో 2025 ఏప్రిల్‌లో మొదలైన కొత్తది, ఓడలు పోవడానికి నిలువుగా పైకి లేచే 72.5 మీటర్ల భాగంతో. వంతెన మీద అందరూ బండ్లు ఆపేస్తారు. పొడవాటి బండితో ఆ తప్పు చేయకండి, గాలి కూడా పక్కనుంచి గట్టిగా తోస్తుంది.

రామేశ్వరం నుంచి ధనుష్కోటి కొస అయిన అరిచల్‌మునై సుమారు 20 కిలోమీటర్లు. 1964 డిసెంబరు 22 రాత్రి తుపానులో ధనుష్కోటి ఊరూ, నూరుమందికి పైగా ప్రయాణికులున్న రైలూ సముద్రం పాలయ్యాయి. ఆ తర్వాత అర్ధశతాబ్దం పాటు ముకుందరాయర్ సత్రం దాటితే ఇసుకే. 2017లో అక్కడి నుంచి కొస దాకా 9.5 కిలోమీటర్ల తారురోడ్డు వచ్చింది. రెండు వైపులా నీళ్లతో, ఈ 1,045 కిలోమీటర్లలో నిజమైన సముద్రపు దారి ఇదే. చీకటి పడ్డాక వాహనాలను ఉండనివ్వరు, రాత్రి బస కుదరదు. తారు దిగితే చక్రాలు ఇసుకలో కూరుకుపోతాయి. నాలుగైదు టన్నుల బండిని నలుగురు తోయలేరు.

జాగా

ఎనిమిది రాత్రులు ఇలా పంచుకోవచ్చు: పళని ఒకటి, మదురై రెండు, కోవిల్‌పట్టి ఒకటి, తూత్తుకుడి ఒకటి, రామేశ్వరం రెండు, తిరుగులో దిండిగల్ ఒకటి. తొమ్మిది రోజుల మీద సగటు 116 కిలోమీటర్లు, చక్రం ముందు కూర్చునేది రోజుకు మూడు గంటలు. రామేశ్వరం నుంచి దిండిగల్ రోజు ఒక్కటే 235 కిలోమీటర్లతో కొంచెం బరువు. తాపీ ప్రయాణం అంటే ఈ మూడు గంటలే. కోయంబత్తూరు నుంచి తిన్నగా 390 కిలోమీటర్లు తోలి ఆ రాత్రికే రామేశ్వరం చేరేటట్టయితే కారే మెరుగు.

పొరుగున కేరళ 2021లో కారవాన్ విధానం తెచ్చి, కనీసం 50 సెంట్ల స్థలంలో 5 బండ్లు నిలిపే పార్కులకు నియమాలు రాసింది. ఈ దారిలో ప్రస్తుతానికి హోటళ్ల ఆవరణలూ, కల్యాణ మండపాలూ, తోటల ఇళ్లూ అడుక్కోవాల్సిందే. పెళ్లిళ్లు లేని రోజుల్లో కల్యాణ మండపం ఉత్తమం: కుళాయి, మరుగుదొడ్డి, కాపలామనిషి, వంటకు కావలసినంత చోటు అన్నీ ఉంటాయి. మంగమ్మ సత్రంలో దొరికినవి ఇంచుమించు ఇవే. మన రాష్ట్రాల పర్యాటక శాఖలు కూడా కారవాన్లు కొనే ముందు తీరం పొడుగునా 100 కిలోమీటర్లకొక కుళాయి, ప్లగ్గు, మురుగు పోసే గుంట కట్టడం మంచిది. బండ్లు వాటంతటవే వస్తాయి.

మీరు వెళ్లేటట్టయితే ముందు బండి బుక్ చేయకండి. ఎనిమిది ఫోన్లు చేసి ఎనిమిది జాగాలు ఖాయం చేసుకోండి. ప్రతిచోటా మూడే అడగండి: 15 ఆంపియర్ల ప్లగ్గు ఉందా, నీళ్లు మంచివేనా, గేటు 3 మీటర్ల ఎత్తుందా. మూడింటికీ అవునన్నాకే అడ్వాన్సు కట్టండి.