ప్రెసీడియోలో ఎంతమంది ఉన్నారు?

పిల్లలూ, మీ బడిలో అట్లాసు ఉంటే ఉత్తర అమెరికా పటం తీయండి. అమెరికా సంయుక్త రాష్ట్రాలకూ మెక్సికోకూ మధ్య ఉన్న సరిహద్దును చూడండి. పడమటి సగం స్కేలుతో గీసినట్లు తిన్నగా ఉంటుంది. ఎల్ పాసో అనే పట్టణం నుంచి తూర్పుకు మాత్రం గీత వంకరలు తిరుగుతుంది. అది మనుషులు గీసిన గీత కాదు, నది. మెక్సికో సింధుశాఖ చేరేదాకా, సుమారు 2,000 కిలోమీటర్ల పొడవున, ఆ నదే సరిహద్దు.

ఆ నది ఒకచోట మోచెయ్యి మడిచినట్లు దక్షిణానికి వంగి మళ్ళీ పైకి లేస్తుంది. ఆ వంపుకు కొంచెం ఎగువన ఉత్తరపు గట్టున ప్రెసీడియో అనే చిన్న ఊరుంది. చాలా అట్లాసుల్లో పేరు కూడా వెయ్యరు. 2020 జనగణన ప్రకారం జనాభా 3,264. పదిమందిలో తొమ్మిదిమందికి పైగా స్పానిష్ మాట్లాడే కుటుంబాలవాళ్ళు. ఎదురుగా దక్షిణపు గట్టున మెక్సికో దేశపు ఒహినాగా పట్టణం. అక్కడి జనం 20 వేలకు పైగా. అంటే రెండూ కలిపి చూస్తే పెద్ద ఊరు మెక్సికోలోనూ, దాని శివారు పేట అమెరికాలోనూ ఉన్నట్లు!

ఇంత చిన్న ఊరి గురించి ఎందుకు అంటారా? భూగోళ శాస్త్రంలో మీరు విడివిడిగా చదివే పాఠాలు చాలా ఈ ఒక్క ఊళ్ళోనే కలుస్తాయి. నది సంగతితో మొదలుపెడదాం.

ఈ నదిని అమెరికావాళ్ళు రియో గ్రాండే అంటారు, అంటే పెద్ద నది. మెక్సికోవాళ్ళు రియో బ్రావో అంటారు, ఉగ్రమైన నది అని అర్థం. కొలరాడో రాష్ట్రంలోని సాన్ హువాన్ పర్వతాల మీద మంచు కరిగి పుడుతుంది. పుట్టినప్పుడు పెద్దదే. కానీ దారిపొడవునా పొలాలు, పట్టణాలు నీళ్ళు తోడుకుంటాయి. న్యూ మెక్సికోలో 1916లో పూర్తయిన ఎలిఫెంట్ బ్యూట్ డ్యాము నీటిని ఆపి కాలవలకు మళ్ళిస్తుంది. ఎల్ పాసో దాటి మరికొంత దూరం పోయేసరికి నదిలో మిగిలేది చాలా తక్కువ. అక్కడి నుంచి ప్రెసీడియోదాకా సుమారు 300 కిలోమీటర్ల భాగానికి అక్కడివాళ్ళు 'మరిచిపోయిన నది' అని పేరు పెట్టారు. ఏడాదిలో చాలాకాలం నీళ్ళకంటే పొదలే ఎక్కువ కనిపిస్తాయి.

మరి దిగువన పటంలో అంత పొడవున నీలిగీత ఎలా ఉంది? జవాబు ప్రెసీడియో దగ్గరే దొరుకుతుంది. మెక్సికోలోని చివావా రాష్ట్రపు కొండల్లో పుట్టిన కొంచోస్ నది సరిగ్గా ఇక్కడ వచ్చి కలుస్తుంది. ఇక్కడి నుంచి దిగువకు పారేదానిలో ఎక్కువ భాగం కొంచోస్ నీరే. పేరు మాత్రం రియో గ్రాండేదే! ఇంటిపేరు ఒకరిది, కష్టం ఇంకొకరిది అన్నట్లుంది కదూ!

దీని మీద తగాదాలు రాకుండా ఉంటాయా? 1944లో రెండు దేశాలూ ఒప్పందం చేసుకున్నాయి. కొంచోస్‌తో కలిపి ఆరు ఉపనదుల నీటిలో మూడో వంతు అమెరికాకు చెందాలి. అది ఐదేళ్ళ సగటున ఏడాదికి 43.17 కోట్ల ఘనపు మీటర్లకు తగ్గకూడదు. మన ప్రాజెక్టుల లెక్కలో చెప్పాలంటే సుమారు 15 టీఎంసీలు. బదులుగా అమెరికా తన కొలరాడో నది నుంచి ఏడాదికి దాదాపు 65 టీఎంసీలు మెక్సికోకు వదలాలి. ఏడాదికేడాది లెక్క చూడకుండా ఐదేళ్ళు ఎందుకు పెట్టారో ఆలోచించండి. ఎడారి నదిలో ఒక ఏడు వరద, మరో ఏడు ఇసుక. అయితే ఐదేళ్ళూ కరువే అయితే? 2020లో చిక్కు వచ్చిపడింది. గడువు దగ్గరపడి కొంచోస్ మీది లా బొకియా డ్యాము నుంచి నీళ్ళు వదులుతుంటే, సెప్టెంబరులో చివావా రైతులు వేలాదిగా వచ్చి డ్యామును ఆక్రమించారు. నీళ్ళ తగాదాలు మనకేం కొత్త కాదు గనుక వాళ్ళ కోపం మనకు తేలిగ్గానే అర్థమవుతుంది.

రెండు నదులు కలిసేచోట ఒండ్రు మేటవేస్తుంది. ఎడారి మధ్యలో ఒండ్రునేల అంటే బంగారమే. అందుకే స్పెయిన్‌వాళ్ళు రాకముందే ఇక్కడ ఆదివాసులు మొక్కజొన్న పండించుకుంటూ ఊళ్ళు కట్టుకున్నారు. తర్వాత వచ్చిన స్పెయిన్‌వాళ్ళు సైనిక ఠాణా పెట్టారు. ప్రెసీడియో అన్న మాటకు స్పానిష్‌లో అర్థం అదే. విచిత్రమేమంటే ఆ ఠాణా ఉన్నది ఇప్పటి ఒహినాగా వైపు. 1848లో అమెరికా, మెక్సికో యుద్ధం ముగిసి, నదిని సరిహద్దు చేస్తూ సంధి జరిగింది. దాంతో ఒక్కటిగా ఉన్న లోయ రెండు దేశాలైంది. అవతలి గట్టున అత్తవారిల్లు, ఇవతలి గట్టున పుట్టిల్లు. 1914 జనవరిలో పాంచో విల్లా సైన్యం ఒహినాగాను పట్టుకున్నప్పుడు ఓడిన సైనికులూ, భయపడ్డ జనమూ వేలమంది నది దాటి ప్రెసీడియోకే పరుగెత్తారు.

నదిని సరిహద్దు చేసుకుంటే ఒక చిక్కుంది. నది కదులుతుంది. వంపు బయటి గట్టున నీటి వేగం ఎక్కువ, అక్కడ కోత. లోపలి గట్టున వేగం తక్కువ, అక్కడ మేట. అలా కొద్దికొద్దిగా జరిగితే సరిహద్దు కూడా నదితోపాటు జరుగుతుందని 1884లో నియమం పెట్టుకున్నారు. కానీ ఒక పెద్ద వరద వచ్చి నది రాత్రికి రాత్రే కొత్త పాయ తీస్తే? అప్పుడు సరిహద్దు పాత పాయలోనే ఉండాలి. చెప్పడానికి బాగానే ఉంది గాని, ఫలానా ఎకరం కోతవల్ల పోయిందా, వరదవల్ల పోయిందా అని తేల్చేదెవరు? ప్రెసీడియో, ఒహినాగాల మధ్య భూముల వివాదం ఏళ్ళ తరబడి నలిగి, చివరికి 1970 ఒప్పందంతో తీరింది. 2008 సెప్టెంబరులో మాత్రం కొంచోస్ పొంగి కరకట్టలు తెగాయి. నీళ్ళు ఏ దేశమని చూడలేదు, రెండువైపులా పొలాలు మునిగాయి.

ఇక ఎండ సంగతి. టెక్సాస్‌లో ఈ రోజు అత్యధిక ఉష్ణోగ్రత ఎక్కడ అని రేడియోలో చెబితే తరచుగా వినిపించే పేరు ప్రెసీడియో. మనకు రెంటచింతల ఎలాగో వాళ్ళకు ఇది అలాగ. జూన్‌లో 40 డిగ్రీలు మామూలు. ఊరు సముద్రమట్టానికి 790 మీటర్ల ఎత్తున ఉంది. ఉత్తరాన సుమారు 95 కిలోమీటర్ల దూరంలోని మార్ఫా పట్టణం 1,400 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. పొడిగాలి 100 మీటర్లు కిందికి దిగితే దాదాపు ఒక డిగ్రీ వేడెక్కుతుంది. 600 మీటర్లు దిగితే ఎంతో మీరే లెక్కవెయ్యండి. జూలైకంటే జూనే ఎందుకు వేడి? జూలైలో అక్కడ కూడా ఋతుపవనాలు వస్తాయి, మబ్బు పట్టి నాలుగు చినుకులు పడతాయి. మనకు మే నెల ఎండలకు కారణం ఏదో, అక్కడి జూన్ ఎండలకూ అదే కారణం. కాకపోతే ఏడాది మొత్తం మీద పడే వాన 250 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే.

మార్ఫా నుంచే ప్రెసీడియోకు కరెంటు వచ్చేది. 1948లో వేసిన ఒకే ఒక్క లైను. పిడుగు పడితే ఊరంతా చీకటి. 2010లో దీనికి విరుగుడుగా 4 మెగావాట్ల సోడియం-గంధకం బ్యాటరీ పెట్టారు. కరిగిన సోడియం ఒకవైపు, కరిగిన గంధకం ఒకవైపు, నడుమ పింగాణీ వంటి గోడ. ఆ గోడగుండా సోడియం అయాన్లు మాత్రమే వెళ్ళగలవు. ఇది పనిచెయ్యాలంటే లోపల 300 డిగ్రీలకు పైగా వేడి ఉండాలి. ఊరు మొత్తానికి ఎనిమిది గంటలపాటు కరెంటు ఇవ్వగల బ్యాటరీ అన్నమాట! ఆ ఊరి హైస్కూలు పిల్లలు నమూనా రాకెట్లు చేసి జాతీయ పోటీలదాకా వెళ్ళారని కూడా చెప్పకుండా ఉండలేను. సైన్సు మాష్టారిని కదా.

ఇప్పుడు జనాభా. ఈ అంకెలు నోటుబుక్కులో రాసుకోండి. 1990లో 3,072. 2000లో 4,167. 2010లో 4,426. 2020లో 3,264. ఇరవై ఏళ్ళు పెరుగుతూ వచ్చిన ఊరు తర్వాతి పదేళ్ళలో 1,162 మందిని పోగొట్టుకుంది. అంటే నూటికి 26 మంది. పనికోసం ఊరు విడిచిన కుటుంబాలు ఉండవచ్చు. ఊళ్ళో ఆసుపత్రి లేదు, 140 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి ఆల్పైన్ పట్టణానికి వెళ్ళాలి. కానీ నూటికి 26 మందా? ఇక్కడ నాకు మనసు ఒప్పదు. నేనూ జనగణన చేసినవాణ్ణే.

2001లో నాకు ఇచ్చిన బ్లాకులో ఒక ఇటుకబట్టీ ఉండేది. అక్కడి కుటుంబాల దగ్గరికి వెళితే "మమ్మల్ని మా ఊళ్ళో రాసుకుంటారు లెండి సారూ" అన్నారు. వాళ్ళ ఊరి ఎన్యుమరేటరు, వాళ్ళు బట్టీకి వెళ్ళారని వదిలేసి ఉంటాడు. ఇద్దరం వదిలేస్తే ఆ మనుషులు దేశంలోనే లేనట్లు! నచ్చజెప్పి రాసుకున్నాను గాని, ఎన్ని చోట్ల ఎంతమంది అలా జారిపోయి ఉంటారో అని అప్పటి నుంచీ నాకు అనుమానం.

అమెరికాలో గణన తేదీ 2020 ఏప్రిల్ 1. ఆ తేదీకి పదకొండు రోజుల ముందే, మార్చి 21న, కరోనా కారణంగా సరిహద్దు వంతెన అత్యవసరం కాని రాకపోకలకు మూసేశారు. ఇంటికి ఉత్తరాలు బట్వాడా కాని ఇలాంటి పల్లెప్రాంతాల్లో గణన సిబ్బంది స్వయంగా వెళ్ళి గుమ్మం దగ్గర ఫారాలు పెట్టాలి. ఆ పని మార్చిలో మొదలైన కొద్ది రోజులకే ఆపి, మే నెలలో గాని తిరిగి మొదలుపెట్టలేదు. పైగా 'మీరు అమెరికా పౌరులేనా' అన్న ప్రశ్న చేరుస్తామని ప్రభుత్వం 2018లో ప్రకటించింది. 2019లో సుప్రీంకోర్టు అడ్డుకోవడంతో ఆ ప్రశ్న ఫారంలోకి రాలేదు. కానీ భయం అంత తేలిగ్గా పోతుందా? తలుపు తట్టినవాడు లెక్కకు వచ్చాడో, పట్టుకుపోవడానికి వచ్చాడో అనుకునే ఇళ్ళల్లో తలుపు తెరుచుకోదు.

'హిస్పానిక్' అన్న మాట సంగతి కూడా చెప్పాలి. అది జాతి పేరు కాదు. స్పానిష్ మాట్లాడే దేశాలతో సంబంధం ఉన్న ఎవరైనా, రంగు ఏదైనా, అందులోకి వస్తారు. 1930 గణనలో 'మెక్సికన్' అని ఒక జాతిగా రాశారు. అభ్యంతరాలు వచ్చి 1940లో తీసేశారు. 1980 నుంచి 2020 గణన దాకా జాతి ప్రశ్నతో సంబంధం లేకుండా ఈ ప్రశ్నను విడిగా ప్రతి ఒక్కరినీ అడిగారు. అందుకే అక్కడ ఒక మనిషి తెల్లవాడూ, హిస్పానిక్ కూడా కావచ్చు.

జనగణన అయ్యాక, దాని తప్పులు తెలుసుకోవడానికి ఎంపిక చేసిన ఇళ్ళల్లో మళ్ళీ విడిగా లెక్క తీస్తారు. మన దేశంలోనూ ఈ పద్ధతి ఉంది. ఆ పరిశీలనలో అమెరికా మొత్తం మీద హిస్పానిక్ ప్రజలు 4.99 శాతం తక్కువగా లెక్కకు వచ్చారని తేలింది. టెక్సాస్ రాష్ట్రం మొత్తానికి లోటు 1.92 శాతం.

సరే, ఆ 4.99 శాతాన్ని ప్రెసీడియోకు వర్తింపజేద్దాం. నూటికి 95 మందే లెక్కకు వచ్చారనుకుంటే 3,264ను 0.95తో భాగించాలి. సుమారు 3,436 వస్తుంది. 2010 నాటి 4,426కు ఇంకా 990 తక్కువ! అంటే దేశపు సగటు లోటు ఒక్కటే ఈ తగ్గుదలను వివరించదు. అయితే ఆ సగటును ఇక్కడ వాడడం సబబేనా? అది లాస్ ఏంజెల్స్ వంటి మహానగరాలనూ, ఇలాంటి పల్లెలనూ కలిపి తీసినది. ఇంటికి ఉత్తరం రాని, వంతెన మూసిన, భయం ఉన్న ఊళ్ళో లోటు సగటు కంటే ఎక్కువే ఉంటుందని నా అంచనా. సగటు లోతు మోకాలంత అని నదిలో దిగినవాడి కథ మీకు తెలిసిందే కదా.

ప్రెసీడియో కౌంటీ వైశాల్యం దాదాపు 10 వేల చదరపు కిలోమీటర్లు, మన పాత అనంతపురం జిల్లాలో సగం. అంత నేల మీద 2020లో లెక్కకు వచ్చినవాళ్ళు 6,131 మంది. చదరపు కిలోమీటరుకు ఒక మనిషి కూడా రాడు. ఇలాంటిచోట 200 మంది జారిపోతే దేశం లెక్కలో తేడా కనబడదు. కానీ బడికి, రోడ్డుకి, మంచినీళ్ళకి వచ్చే డబ్బులో చాలా భాగం తలలు లెక్కపెట్టి ఇచ్చేదే. ఈ ఊరికి అది అన్నంలో కోత.

వంతెనను 2021 నవంబరు 8న మళ్ళీ అందరికీ తెరిచారు. ఒహినాగా తాతలు ఇరవై నెలల తర్వాత మనవళ్ళను చూడడానికి ప్రెసీడియో వచ్చారు. జనగణనవాళ్ళు మాత్రం మళ్ళీ వచ్చేది 2030లోనే. అందాకా ఏటా వేసే జనాభా అంచనాలన్నీ ఆ 3,264 నుంచే మొదలవుతాయి.