సాగర్ పడవకు ఎంత మోటారు?

విజయపురి సౌత్ ఒడ్డున తెల్లారగట్ల నిలబడితే ముందుగా కంటబడేది పుట్టి. వెదురు బద్దల అల్లిక, అడుగున తారు పూసిన పట్టా, చూడటానికి పెద్ద గంపలా ఉంటుంది. జాలరి ముందుకు వంగి ఒకే తెడ్డుతో నీళ్ళను తనవైపు లాక్కుంటాడు. పుట్టి కాస్త ఎడమకు, కాస్త కుడికి ఊగుతూ ముందుకు జరుగుతుంది. మనిషి గంటల తరబడి ఆగకుండా పెట్టగలిగే బలం హార్స్‌పవర్‌లో పదో వంతు. అంటే దాదాపు 75 వాట్లు, మన ఇంట్లో సీలింగ్ ఫ్యాను తాగే కరెంటు. నిండినప్పుడు 285 చదరపు కిలోమీటర్లు పరుచుకునే నాగార్జునసాగర్ మీద, ఎదురుగాలిలో, తడిసిన వలలతో ఇల్లు చేరడానికి ఆ మనిషికి ఉన్న బలం అంతే. ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వచ్చి ఈ నీళ్ళ మీదే బతుకుతున్న జాలరి కుటుంబాల రెక్కల కష్టం ఆ తెడ్డు పట్టిన అరచేతుల్లో కనిపిస్తుంది.

ఆ కష్టాన్ని తగ్గించడానికే పడవ వెనక తగిలించే మోటారు పుట్టింది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచెత్తినప్పుడు సహాయ బృందాల రబ్బరు పడవలకు వెనక ఉన్నది ఇదే, ఔట్‌బోర్డ్ మోటారు. ఇంజను, ప్రొపెల్లర్, చుక్కాని మూడూ ఒకే ముక్కలో ఉంటాయి. రెండు మరలు బిగిస్తే పడవ కదులుతుంది, విప్పితే మోటారు భుజమెక్కి ఇంటికి వస్తుంది.

ఇలాంటిదాన్ని మొదట చేసినవాడు గుస్తావ్ త్రూవే. 1881లో పారిస్‌లో సెన్ నది మీద బ్యాటరీతో నడిపి చూపించాడు. కానీ జాలరి చేతికి అందేలా చేసింది ఓలె ఎవిన్‌రూడ్. 1877లో నార్వేలో పుట్టి, పసితనంలోనే తల్లిదండ్రులతో అమెరికా చేరినవాడు. ఎండ మండుతున్న రోజున, ప్రేమించిన బెస్ కోసం ఐస్‌క్రీం తేవడానికి సరస్సులో తెడ్డు వేసి వేసి అలసిపోయినప్పుడు ఈ ఆలోచన తట్టిందని చెబుతారు. 1909లో అమ్మకానికి వచ్చిన అతని మోటారు బలం 1.5 హార్స్‌పవర్, బరువు 28 కిలోలు, ధర 62 డాలర్లు. వ్యాపారం, ప్రకటనలు బెస్ చూసుకుంది. తొలి రోజుల్లోనే స్కాండినేవియా జాలర్లు ఆ మోటార్లు తెప్పించుకున్నారు. బెస్ ఆరోగ్యం చెడితే 1914లో ఓలె కంపెనీనే అమ్మేశాడు. కొన్నేళ్ళ తర్వాత అల్యూమినియంతో, రెండు సిలిండర్లతో, రెట్టింపు బలంతో, ఇంకా తక్కువ బరువుతో కొత్త మోటారు చేశాడు. ఎవిన్‌రూడ్ పేరుతో మోటార్ల తయారీ 2020లో ఆగిపోయింది.

ఆ తొలి మోటారు బలం 1.5 హార్స్‌పవర్ మాత్రమే. అయినా పదిహేను మంది తెడ్డు వేసిన బలం అది. ఇప్పుడు 16 అడుగుల ఫైబర్ పడవకు 25, 40 హార్స్‌పవర్ మోటార్లు పెట్టాలని ఉబలాటపడేవాళ్ళు ఈ లెక్క ఒక్కసారి చూడాలి.

పడవ కదిలితే ముక్కు దగ్గర ఒక అల లేస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల పొడవు పెరుగుతుంది. అల పొడవు పడవ పొడవుతో సమానమైనప్పుడు ముక్కు ఒక అల మీద, వెనక భాగం ఇంకో అల మీద, నడుమ పల్లంలో పడవ ఇరుక్కుంటుంది. అక్కడి నుంచి తాను లేపిన గట్టును తానే ఎక్కాలి. ఇంగ్లండ్‌లో విలియం ఫ్రౌడ్ 1870లలో నీటి తొట్టెలో నమూనా పడవలను లాగి ఈ సంగతి తేల్చాడు. నీటిని తాకే పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ హద్దు నాట్లలో వస్తుంది. 16 అడుగుల పడవకు 5.4 నాట్లు, అంటే గంటకు 10 కిలోమీటర్లు. 25 అడుగుల పడవకు 12కు కాస్త పైన. హద్దు లోపల కూడా వేగం రెట్టింపు కావాలంటే బలం దాదాపు ఎనిమిది రెట్లు కావాలి. హద్దు దాటాలంటే పడవ తేలికగా, అడుగు చదునుగా ఉండి నీటి మీదకు లేవాలి. వలలు, ఐసు, బొచ్చె, శీలావతి చేపలు నింపుకున్న పడవ అలా లేవదు. వెనక భాగం కుంగి, ముక్కు ఆకాశం చూస్తుంది.

1986లో మద్రాసు నుంచి బంగాళాఖాత చేపల కార్యక్రమం (బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్) చిన్న పడవల ఇంధన ఖర్చు తగ్గించుకోవడం మీద ఒక పుస్తకం తెచ్చింది. రాసిన గుల్‌బ్రాండ్‌సెన్ కూడా నార్వేవాడే, పడవల రూపశిల్పి. ఆయన ముఖ్యంగా చెప్పింది ఒక్కటే: వేగం తగ్గించండి.

మన 16 అడుగుల పడవ లెక్క చూద్దాం. పడవ 250 కిలోలు, ఇద్దరు మనుషులు 130, వలలూ చేపలూ ఐసూ 150, మోటారు, పెట్రోలు కలిపి 40. మొత్తం 570 కిలోలు. ప్రశాంతమైన నీటిలో టన్నుకు 4, 5 హార్స్‌పవర్ సరిపోతుంది కాబట్టి మనకు 3 చాలు. జలాశయం నడుమ గాలి లేస్తే తిరిగి రావాలి, అందుకని 5, మరీ అయితే 8. పూర్తి వేగంలో ప్రతి హార్స్‌పవర్‌కూ గంటకు మూడో వంతు నుంచి అర లీటరు దాకా కాలుతుంది. 8 హార్స్‌పవర్ మోటారు మూడు, నాలుగు లీటర్లు తాగే చోట 40ది పదమూడు నుంచి ఇరవై లీటర్లు తాగుతుంది. పైగా దాని బరువే 70 కిలోల పైన, వెనక ఇంకో మనిషి కూర్చున్నట్టు.

బలం ఎంత ముఖ్యమో, ఇంజను నుంచి ప్రొపెల్లర్ దాకా దిగే కాడ పొడవూ అంతే ముఖ్యం. కాడలు మామూలుగా 15, 20 అంగుళాల కొలతల్లో దొరుకుతాయి. ప్రొపెల్లర్ పైన ఉండే పలక పడవ అడుగుకు కొద్దిగా కిందికి రావాలి. కాడ పొట్టిదైతే రెక్కలు గాలిని పీలుస్తాయి, ఇంజను అరుస్తుంది గానీ పడవ కదలదు. పొడవైతే ఎండాకాలం నీళ్ళు దిగినప్పుడు మునిగి ఉన్న బండలకు తగులుతుంది. మోటారు స్టార్ట్ కాగానే పక్క నుంచి సన్నటి నీటి ధార చిమ్ముతుందో లేదో చూడాలి. ధార ఆగితే ఇంజనుకు చల్లదనం అందడం లేదని అర్థం, వెంటనే ఆపేయాలి.

పుట్టికి మాత్రం మోటారు మాట తలపెట్టకండి. పొడవాటి పడవ పక్కకు తిరగబోతే నీరే అడ్డుపడుతుంది. గుండ్రటి పుట్టికి ఆ అడ్డు లేదు. అంచున తగిలించిన మోటారు తోపు ఇసుమంత పక్కకు జరిగినా బొంగరంలా తిరుగుతుంది. బరువంతా ఒక అంచున పడి బోల్తా కొట్టే ప్రమాదమూ ఉంది. జాలరి తెడ్డు ముందు నుంచి లాగుతుంది కాబట్టే పుట్టి దారిన పోతోంది.

మోటారు కొనడానికి నరసరావుపేటకో, గుంటూరుకో బయల్దేరేముందు మూడు కొలతలు కాగితం మీద రాసుకోండి: నీటిని తాకే పడవ పొడవు, మోటారు తగిలించే వెనక చెక్క ఎత్తు, వలలూ చేపలూ కలిపిన మొత్తం బరువు. ఆ కాగితం చూపించి మోటారు అడగండి. ప్రతి మనిషికీ ఒక లైఫ్ జాకెట్ కూడా అదే రోజు కొనండి.