చంటిబిడ్డ వాటా ఏదీ?

మదీనాకు వచ్చిన ఒక వర్తక బిడారు రాత్రి పూట ఊళ్లో విడిసింది. వారి సరుకుకు కాపలా కాయడానికి ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) స్వయంగా బయలుదేరారు. తోడుగా హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఉన్నారు. కొంతసేపటికి ఒక పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ఉమర్ (రజి) వెళ్లి, బిడ్డను ఓదార్చమని తల్లికి చెప్పి వచ్చారు. ఏడుపు ఆగలేదు. మళ్లీ వెళ్లారు. మూడోసారికి విసుగు కలిగి ఆమెను గట్టిగానే మందలించారు. ఎదుట ఉన్నది ఖలీఫా అని ఆమెకు తెలియదు. బిడ్డ చేత పాలు మాన్పించే ప్రయత్నంలో ఉన్నానని, పాలు మానిన పిల్లలకే ఉమర్ భత్యం ఇస్తారని చెప్పింది. బిడ్డకు అప్పటికి నిండా కొన్ని నెలలే.

ఆనాటి ఫజ్ర్ నమాజులో ఉమర్ (రజి) దుఃఖం వల్ల ఆయన ఖుర్ఆన్ పారాయణం వెనక నిలబడినవారికి సరిగా వినబడలేదట. నమాజు ముగియగానే ఆయన చాటింపు వేయించారు. పిల్లలకు తొందరపడి పాలు మాన్పించవద్దు, పుట్టిన ప్రతి బిడ్డకూ పుట్టిన రోజు నుంచే భత్యం ఇవ్వబడుతుంది అని. ఇతర ప్రాంతాల అధికారులకూ అదే ఉత్తర్వు పంపారు.

ఈ సంఘటనను మన వక్తలు ఖలీఫా దయాగుణానికి ఉదాహరణగా చెబుతుంటారు. నిజమే. కాని ఇందులో మరో సంగతి కూడా ఉంది. ఖజానాలో ధాన్యం ఉంది, ఇవ్వాలన్న మనసూ ఉంది. ఇచ్చే పద్ధతిలో ఉన్న చిన్న లోపం వల్ల చంటిబిడ్డ నోటి దగ్గరి పాలు పోయాయి. ఇంటికి సాయం చేరడం వేరు, ఆ ఇంట్లో అందరికంటే చిన్నవాడి నోటికి చేరడం వేరు. నరసరావుపేట చుట్టుపక్కల పల్లెల్లో నేటికీ చూడవలసిన తేడా ఇదే.

పలనాడు ఒకప్పుడు జొన్న, సజ్జ తిని బతికిన సీమ. ఇక్కడ సన్నన్నం దొరకదని, అంతా జొన్నకూడేనని శ్రీనాథుడు ఎత్తిపొడిచినట్లు చాటువులు చెప్పుకుంటారు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది, 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. కాలువ కింది ఊళ్లలో వరి వచ్చింది. కాలువ ఎక్కని బొల్లాపల్లి వంటి మెట్ట మండలాలకు 1983లో మొదలైన కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. నేడు కార్డులో పేరున్న మనిషికి నెలకు 5 కిలోల బియ్యం ఉచితం. పండగనాడు తప్ప వరి అన్నం ఎరగని ఇళ్లలో మూడు పూటలా అన్నం ఉడుకుతోందంటే అది చిన్న విషయం కాదు. ఆకలి మాటకు వస్తే ఈ బియ్యం చేసిన మేలును ఎవరూ కాదనలేరు.

అయితే మహాకవిగారు ఈసడించిన ఆ జొన్నా సజ్జా ఇంట్లోంచి వెళ్లిపోతూ తమ బలాన్ని కూడా వెంట తీసుకుపోయాయి. పాలిష్ పట్టిన బియ్యంలో కంటే సజ్జలో ఇనుము చాలా ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్లలోపు పిల్లలు నూటికి 31 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. సుమారు 30 మంది బరువు తక్కువ. ఆరు నెలలు నిండిన పిల్లల్లో నూటికి 63 మందికి రక్తహీనత. బియ్యం ఇంత అందుతున్న రాష్ట్రంలో ఈ అంకెలు!

కారణం వెదకడానికి ఎక్కడికో పోనక్కరలేదు, మిరప కోతల రోజుల్లో ఒక చేను గట్టున నిలబడితే చాలు. తెల్లవారుతూనే ఆటోల్లో, ట్రాక్టర్లలో కూలీలు వస్తారు. వారిలో మన దూదేకుల ఇళ్ల ఆడవాళ్లు ఉంటారు, కౌలుకు నాలుగెకరాలు చేసి అప్పు తీరక కూలికి వచ్చినవాళ్లూ ఉంటారు. కర్నూలు వైపు నుంచి సుగ్గికి వచ్చినవారు పిల్లాజెల్లాతో చేల పక్కనే గుడారాలు వేసుకుంటారు. చెట్టు కొమ్మకు చీర ఉయ్యాల, ఉయ్యాల ఊపడానికి ఎనిమిదేళ్ల అక్క. బడి మానింది కనుక ఆ పిల్లకు బడి భోజనమూ పోయింది. ఉయ్యాలలోని వాడు ఏడిస్తే ఆమె దగ్గర ఉన్నది టీలో ముంచిన బిస్కట్టు, లేకపోతే కారం తగలని నాలుగు మెతుకులు, చారు నీళ్లు. తల్లి కాయలు కోసిన చేతులతో బిడ్డను ముట్టుకోవడానికే భయపడుతుంది, ఆ మంట అంత త్వరగా పోయేది కాదు. ఆమెను అజ్ఞానురాలని నిందించే పెద్దలు ఒక్క రోజు ఆ చేలో వంగి చూడాలి.

తల్లిపాలు రెండేళ్లు పట్టవచ్చునని దివ్య ఖుర్ఆన్ బఖరా సూరాలో ఉంది. వైద్యులు చెప్పేదీ అదే. మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప మరేదీ వద్దు, ఏడో నెల నుంచి పాలతో పాటు మెత్తని ఆహారం పెట్టాలి. ఏడాది బిడ్డ కడుపు ఎంత? గుప్పెడు. దాన్ని చారు నీళ్లతో నింపితే ఏడుపు ఆగుతుందే గాని ఒళ్లు పెరగదు. పైగా టీ నీళ్లు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. ఈ రెండేళ్లలో తగ్గిన ఎదుగుదలను తరువాత పూడ్చడం చాలా కష్టం.

అంగన్‌వాడీ ఉంది కదా అంటారు. ఉంది. 1975 అక్టోబరు 2న మొదలైన పథకం అది. బాలామృతం, గుడ్లు, పాలు ఇస్తున్నారు. కాని ఇంటికి ఇచ్చిన పొట్లం ఇంటిల్లిపాదికీ చెందుతుంది. గుడ్డు పెద్ద పిల్లల మధ్య ముక్కలవుతుంది, బాలామృతం ఉండలు అందరూ తింటారు. పేద ఇంట్లో అది దొంగతనం కాదు, ప్రేమ. మరి వలస వచ్చినవారి సంగతి? బియ్యం కార్డు ఇప్పుడు ఏ ఊళ్లోనైనా చెల్లుతుంది. అంగన్‌వాడీ విషయంలోనూ ఆరేళ్లలోపు ప్రతి బిడ్డకూ హక్కు ఉందని సుప్రీంకోర్టు 2006 డిసెంబరు 13న స్పష్టంగా చెప్పింది. గుడారంలోని తల్లికి ఆ సంగతి చెప్పి, వెంట తీసుకెళ్లి పేరు రాయించేవారే తక్కువ.

ఇంట్లో చేయగలిగింది కూడా లేకపోలేదు. మన అమ్మమ్మలు ఉగ్గు అన్నది దీన్నే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు ఎప్పుడో ఒక మిశ్రమం చెప్పారు. వేయించిన గోధుమలు 40 గ్రాములు, వేయించిన శనగపప్పు 16, వేయించిన వేరుశనగ పప్పు 10, బెల్లం 20. ఈ 86 గ్రాముల్లో 330 కేలరీలు, 11 గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉంటాయి. విసిరి డబ్బాలో పోసుకుంటే వేడినీళ్లు కలిపి ఎనిమిదేళ్ల అక్క కూడా పెట్టగలదు. గోధుమ లేకపోతే జొన్నో రాగో వాడవచ్చు. వేరుశనగ మాత్రం బూజు పట్టనిది, రంగు మారనిది ఉండాలి.

ఇక మన ఫిత్రా. ఈద్ నాటి ఫజ్ర్‌కు ముందు పుట్టిన బిడ్డ తరఫున కూడా తండ్రి ఫిత్రా తీస్తాడు. ఇచ్చే ఇంట్లో చంటిబిడ్డ తలను కూడా లెక్కిస్తాం. పుచ్చుకునే ఇంట్లో ఎంతమంది చంటిబిడ్డలున్నారో మాత్రం ఎవరూ అడగరు! ఒక సంచీ ఇచ్చి వస్తాం. ఈ కొన్నేళ్లుగా రంజాన్ సరిగ్గా మిరప కోతల రోజుల్లోనే వస్తోంది. ఫిత్రా ఏ వస్తువుగా ఇవ్వాలన్నది ఉలమాలను అడిగి తెలుసుకోండి. సదఖాకు ఆ నియమాలు లేవు. బియ్యంతో పాటు రెండేళ్లలోపు బిడ్డ ఉన్న ఇంటికి నెలకు సరిపడా ఈ పిండి, గుడ్లు విడిగా ఇచ్చి, ఇది బిడ్డ వాటా అని ఇంటి పెద్దకు చెప్పి రావచ్చు. ఇది పెద్ద ఇఫ్తార్ విందు కంటే తక్కువ ఖర్చు. మహల్లాలో చదువుకున్న మన ఆడపిల్లలు జాబితా తయారు చేయగలరు, చేల పక్క గుడారాలను కూడా కలుపుకొని. ఆకలికి మతం లేదు కనుక ఆ జాబితాలో అన్ని పేర్లూ ఉండాలి.

వారికి ఒక కొలత తెలిసి ఉండాలి. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు బిడ్డ దండచేయి చుట్టుకొలత 12.5 సెంటీమీటర్ల కంటే తగ్గితే జాగ్రత్త పడాలి. 11.5 కంటే తగ్గితే పిండితో సరిపెట్టక వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. అక్కడ బిడ్డతో పాటు తల్లి రెండు వారాల దాకా ఉండవలసి రావచ్చు. కోతల రోజుల్లో రెండు వారాల కూలి పోతుందని భయపడే తల్లులు పదో రోజున బిడ్డను ఎత్తుకొని వచ్చేస్తారు. జకాత్‌కు అర్హురాలైన తల్లికి ఆ పద్నాలుగు రోజుల కూలి ముందే చేతిలో పెట్టి పంపితే ఆమె నిశ్చింతగా ఉండగలుగుతుంది.