బొగ్గు బాయిల సీమలో భూమి ఎందుకు కదులుతుంది?

2025 మే 5, సాయంత్రం ఏడు కావస్తోంది. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు కొన్ని సెకన్లు నేల కదిలింది. తీవ్రత 3.8. అంతకు ఐదు నెలల ముందు, 2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం హైదరాబాద్ దాకా తెలిసింది. హిమాలయాలెక్కడ, మన గోదావరి ఎక్కడ? ఇక్కడి నేలకేమైంది?

నెట్టేదెవరు?

భూమి పైపొర ఒకే చిప్ప కాదు, పెద్ద పెద్ద ఫలకాలు. మన దేశాన్ని మోస్తున్న ఫలకం ఏడాదికి దాదాపు 5 సెంటీమీటర్లు ఉత్తరానికి జరుగుతూ ఆసియాను నెడుతోంది. సుమారు 5 కోట్ల ఏళ్లుగా సాగుతున్న ఈ తోపులాటలోనే హిమాలయాలు లేచాయి. మేడారం జాతరలో గద్దెల దగ్గర ముందువాళ్లు ఆగితే ఎక్కడో వెనకున్నవాళ్లకూ ఊపిరాడదు. ఈ ఒత్తిడీ అలాగే వెనక్కి, మన దాకా వస్తుంది.

మరి ఇక్కడే ఎందుకు?

ఒత్తిడి అంతటా ఉన్నా, చిట్లేది పాత అతుకు దగ్గరే. ఆదిలాబాద్ వైపు నుంచి భద్రాచలం మీదుగా సాగే ప్రాణహిత–గోదావరి లోయ అలాంటి అతుకు. కోట్ల ఏళ్ల కింద ఇక్కడ పైపొర సాగి, రెండు పక్కలా పగిలి, నడిమి నేల కుంగింది. ఆ పల్లంలో ఇసుక, బురద కింద పూడిపోయిన అడవులే నేడు బెల్లంపల్లి, మందమర్రి, రామగుండంలో సింగరేణి తవ్వే బొగ్గు. బొగ్గు పొర వెంట పోతుంటే ఒకచోట పొర తెగి బండ ఎదురవుతుంది. కార్మికులు దాన్ని ‘ఫాల్టు’ అంటారు. పుస్తకాల్లోని భ్రంశం అదే: పగులుకు ఒక పక్క రాయి జారిన చోటు. 1969లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూమి కంపించిందీ ఈ లోయలోనే.

కదలిక ఎలా వస్తుంది?

ముసురుకు ఉబ్బిన తలుపును నెట్టండి. కాసేపు కదలదు, ఉన్నట్టుండి ధడాలున తెరుచుకుంటుంది. పగులు ముఖాలూ గరుకుగా ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఏళ్ల తరబడి కూడిన ఒత్తిడికి ఆ పట్టు ఒక్కసారిగా సడలితే రాళ్లు జారి, అలలు నలుదిక్కులా పరుగెత్తుతాయి. తీవ్రత ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 32 రెట్లవుతుంది. ఆ లెక్కన ములుగు భూకంపం మే నాటిదానికి సుమారు 180 రెట్లు.

బాయిల్లో పేలుళ్ల వల్లనా?

ఓపెన్‌కాస్టు పేలుళ్లకు దగ్గరి ఊళ్ల గోడలు అదరడం నిజమే. కానీ మన బొగ్గు బాయిలు కిలోమీటరు లోతు కూడా దిగలేదు. ములుగు భూకంపం పుట్టింది సుమారు 40 కిలోమీటర్ల అడుగున.

భయపడాలా?

ఫలానా రోజు భూకంపం వస్తుందని ఎవరూ చెప్పలేరు. ఫలకం అంచుకు దూరంగా ఉన్న లాతూరులోనే 1993లో 6.2 తీవ్రతకు దాదాపు పదివేల మంది పోయారు. అక్కడ ఎక్కువమందిని చంపింది మట్టితో పేర్చిన బరువైన రాతి గోడలు. అందుకే ఇల్లు కట్టేటప్పుడు గోడలన్నిటినీ చుట్టి పట్టే లింటెల్ బెల్టు వేయమని మేస్త్రీకి చెప్పండి. నేల కదిలితే మెట్ల వైపు ఉరకకండి, గట్టి బల్ల కింద తల కాచుకోండి.