ఆరేండ్ల ఆదివారాలు, కుప్ప కాడి రాత్రులు

యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రంల పోసి, కాంటా కోసం ఎదురుచూసిన రాత్రుల్ల నాకు ‘అమృతం’ దొరికింది. కుప్ప కాడ కావలి పండాలె. కన్ను మలిగితే పందులు మూతి పెడ్తయి, మబ్బు వడితే పరదా కప్పాలె. రీల్స్ చూసి చూసి కండ్లు గుంజినయి. గప్పుడు యూట్యూబ్‌ల ఈ సీరియల్ కనవడ్డది. మొదటి రాత్రే తొమ్మిది భాగాలు చూసిన.

నేను పుట్టింది 2001ల. ‘అమృతం’ మొదలైంది గూడ అదే ఏడు నవంబర్ 18న, జెమిని టీవీల. గుణ్ణం గంగరాజు తీసిండు. ఆదివారానికి ఒకటి చొప్పున 2007 నవంబర్ 18 దాక నడిచింది. మొత్తం 313 భాగాలు. అమృతం, ఆంజనేయులు అనే ఇద్దరు దోస్తులు హోటల్ నడుపుతరు. ఇంటి ఓనర్ అప్పాజీ సతాయిస్తుంటడు, సర్వర్ సర్వం ఉన్న పని చెడగొడ్తుంటడు. ఏదో ఒక ఉపాయంతోని పైసలు కమాయిద్దామనుకుంటరు, అది బెడిసికొడ్తది. గంతే కథ.

ఒక్కోటి ఇరవై నిమిషాలు లెక్కేసుకున్నా వంద గంటలు దాటుతది. 2016ల జియో రాకముందు మా అసొంటోళ్లు ఒక్క జీబీని నెలంతా సాగదీసి వాడేది. ఇప్పుడు దినాం వచ్చే డేటా అర్ధరాత్రి దాటితే పాయె గదా అని, ఉన్నదంతా ఒడగొట్టేదాక చూస్తున్నం. ఎప్పుడో అయిపోయిన సీరియల్‌ను దొరకవట్టుకొని ఒక్క ఊపున మింగుతున్నం.

అయితే ఇది గట్ల చూసేతందుకు తీసింది కాదు. నాకు మూడో రాత్రికి సమజైంది. అప్పట్ల ఆదివారం కరెంటు పోవచ్చు, చుట్టాలింట్ల పెండ్లి ఉండొచ్చు. ఒక వారం తప్పినా మల్ల వారం వచ్చి కూసున్నోనికి తెల్వకుండ పోవద్దు. అందుకే చాలా కథలు ఒక్క భాగంల, కొన్ని రెండు మూడు భాగాల్ల ఒడుస్తయి. రోజూ వచ్చే సీరియల్ అట్ల కాదు. అత్త మొఖం మీద ఉరుము ఉరిమించి రేపు రమ్మంటది. ఇండ్ల ఆంజికి, అమృతానికి పోయినసారి తిన్న దెబ్బ యాదికుండదు. వారానికొకసారి చూస్తే అది నవ్వు. వరుసగ తొమ్మిది చూస్తే ‘వీళ్లకు బుద్ధెప్పుడొస్తది’ అని ఒర్రాలనిపిస్తది. నేనైతే జరిపి జరిపి చూసుడు మొదలువెట్టిన.

ఇంకోటి. అమృతం పాత్రను మొదట శివాజీరాజా, తర్వాత నరేష్, ఆ తర్వాత హర్షవర్ధన్ చేసిండ్రు. అప్పటోళ్లు నాలుగు ఆదివారాలకు కొత్త మొఖానికి అలవాటు వడి ఉంటరు. నాకు మాత్రం చాయ్ తాగి వచ్చేసరికి మనిషే మారిపోయిండు. నడుమల ఏమన్న ఇడిసిపెట్టిన్నేమో అని ఎనుకకు పోయి చూసిన.

ఓ రాత్రి, సిరివెన్నెల రాసిన ఆ టైటిల్ పాటకు పక్క మంచంల నాయిన లేసి కూసున్నడు. “పెద్దగ పెట్టురా, గిది నాకెరికే” అన్నడు. సర్పంచ్ ఇంట్ల టీవీ ముంగట చాపేసుకొని చూసెటోడట. ఫోన్ చేతికిస్తే కాసేపు చూసి, “గీనెవడు? అమృతం ఏడి?” అన్నడు. నాయినకు అమృతం అంటే నరేషే. నేను బడికి పోకముందే దుబాయ్ పోయిండు, మల్ల వచ్చేసరికి నేను ఏడో తరగతి. సీరియల్ అయిపోయి గూడ ఎన్నో ఏండ్లాయె. నేను పాత సీరియల్ అనుకుంటున్న దాంట్ల సగం ఆయనకు కొత్తదే.

గందుకే మొదటికెళ్లి మల్ల పెట్టిన. రాత్రికి రెండే అన్నడు నాయిన. ఆ రెండు అయినంక గంటసేపు వాటి ముచ్చటే. పక్క కుప్పలోళ్లు గూడ వచ్చి కూసునుడు షురూ చేసిండ్రు. నేను జరిపేసిన భాగాలకే ఈసారి కడుపు నొచ్చేదాక నవ్విన.

నాయినకు ఆంజి అంటే పానం. “ఇప్పుడే సిన్మాలల్ల చేస్తుండురా?” అని అడిగిండు. గుండు హనుమంతరావు 2018 ఫిబ్రవరిల చనిపోయిండు. 2020ల ‘అమృతం ద్వితీయం’ తీసినప్పుడు ఆ పాత్రను ఎల్బీ శ్రీరామ్ చేసిండు. దాపెట్టుడెందుకని చెప్పిన. నాయిన శానసేపు ఉలకలే, పలకలే. “నేను పోయేటప్పుడు మంచిగనే ఉండె గదరా” అన్నడు, మా వాడకట్టు మనిషి ముచ్చట లెక్క. ఆ రాత్రి రెండోది పెట్టలే.

తెల్లారి మా కుప్పకు కాంటా వడ్డది. సంచులు అందియ్యడానికి లేసుకుంట, “ఫోన్ల చార్జింగ్ ఉంచు. నేను లేంది ముంగటికి చూడకు” అన్నడు.